18 ఏళ్లకే వితంతువు.. ఒళ్లో పసిబిడ్డ.. అయినా గిండీ కాలేజీలో ఇంజనీరింగ్ సీటు! తెలుగింటి లలిత తీసుకున్న నిర్ణయం వెనుక కథ ఇదీ..

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ వస్తోందంటే చాలు.. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఇంటర్ పాసైన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. ర్యాంకు వచ్చింది సరే, చేర్పించేది ఎక్కడ? మదనపల్లెలో కాలేజీ ఉంది, కుప్పంలోనూ ఉంది. ఇంటి నుంచి బస్సులో పోయి రావచ్చు. తిరుపతి ఐఐటీలో సీటొస్తే వదులుకోవాలా? చెన్నైకో, ఖరగ్‌పూర్‌కో పంపాలంటే ధైర్యం సరిపోతుందా? అందులోనూ ఆడపిల్ల అయితే ఇంట్లో ఇంకో నాలుగు ప్రశ్నలు ఎక్కువే వస్తాయి.

సరిగ్గా ఇలాంటి ప్రశ్నే 1940కి ముందు మద్రాసులోని ఒక తెలుగింట్లో వచ్చింది. కాకపోతే అక్కడ లెక్క ఇంకా కష్టం. చదవాలనుకుంటున్న అమ్మాయికి అప్పటికే పెళ్లయింది. భర్త చనిపోయాడు. చేతిలో పసిపాప ఉంది. ఆమె చేరాలనుకున్న కాలేజీలో అప్పటిదాకా ఒక్క అమ్మాయి కూడా చదవలేదు. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరిగా, తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీర్‌గా ఆ తర్వాత పేరు తెచ్చుకున్నారు. అసలు ఆ నిర్ణయం ఎలా జరిగింది? వివరాల్లోకి వెళ్తే..

అన్నదమ్ములకు ఇంజనీరింగ్.. అక్కచెల్లెళ్లకు పెళ్లి

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. మదనపల్లె వాళ్లకు 1919 అనగానే ఇంకో సంగతి గుర్తొస్తుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి, జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఇప్పుడు మనం పాడుకుంటున్న బాణీ కూడా అక్కడే కుదిరింది. అదే సంవత్సరంలో పుట్టిన ఈ అమ్మాయి, జాతీయ గీతం ఉన్న స్వతంత్ర దేశానికి కరెంటు లైన్లు గీసే ఇంజనీర్ అవుతుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు.

ఏడుగురు పిల్లల్లో లలిత ఐదో సంతానం. తండ్రి పప్పు సుబ్బారావు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఇంట్లో మాటలన్నీ మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ తిరిగే వాతావరణం. మగపిల్లలు ఇంజనీర్లయ్యారు. ఆడపిల్లలకు మాత్రం కొంత చదువు, ఆ వెంటనే పెళ్లి. చదువుకున్న కుటుంబాల్లో కూడా అప్పటి పద్ధతి అదే.

లలితకు 15 ఏళ్లకే పెళ్లి చేశారు. ఇప్పుడు వింటే ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, అప్పటి చట్టం ప్రకారం అది తప్పు కాదు. శారదా చట్టంగా పిలిచే 1929 నాటి బాల్య వివాహ నిరోధక చట్టం అమ్మాయి కనీస వివాహ వయసును 14 ఏళ్లుగానే పెట్టింది. అయితే పెళ్లి పేరుతో కూతురి చదువు మధ్యలో ఆగిపోకూడదని సుబ్బారావు గట్టిగా అనుకున్నారు. అలా ఎస్సెస్సెల్సీ వరకు పూర్తి చేయించారు. అప్పట్లో అది చిన్న విషయంలాగే కనిపించి ఉంటుంది. కానీ తర్వాత ఆమె జీవితం మొత్తం నిలబడింది ఆ పదో తరగతి సర్టిఫికెట్ మీదే.

నాలుగు నెలల పాప.. భర్త లేడు

1937లో లలితకు ఆడపిల్ల పుట్టింది. పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త మరణించారు. అప్పటికి లలిత వయసు 18.

ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబాల్లో వితంతువు అంటే బతుకు ఎలా ఉండేదో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. గుండు చేయించడం, తెల్లబట్ట కట్టించడం, ఒంటిపూట భోజనం, శుభకార్యాలకు దూరం, ఇంట్లో ఓ మూల. 1856లోనే వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. అంటే లలిత భర్త పోయేనాటికి ఆ పెళ్లి జరిగి 56 ఏళ్లు. చట్టం మారినా, ఉద్యమాలు వచ్చినా ఇళ్లలో ఆచారాలు మాత్రం అంత త్వరగా కదల్లేదు.

లలిత పుట్టింటికి వచ్చేశారు. సుబ్బారావు కూతురిని ఆ ఆచారాలకు వదిలేయలేదు. గుండు లేదు, మూల గది లేదు. మళ్లీ పుస్తకాలు పట్టించారు. మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి, లలిత ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. ఇక్కడే అసలు ప్రశ్న మొదలైంది. ఇంటర్ అయింది.. తర్వాతేంటి?

డాక్టర్ ఎందుకు వద్దనుకున్నారు?

అప్పట్లో పెద్ద చదువులకు వెళ్లే అమ్మాయిల ముందు కనిపించే గౌరవమైన దారి వైద్యం. మద్రాసులో లేడీ డాక్టర్లు అప్పటికే ఉన్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో అమ్మాయిలు చదవడం అప్పటికి కొత్తేమీ కాదు. ముత్తులక్ష్మీ రెడ్డి లాంటి వాళ్లు అక్కడే చదివి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. లలితకు మార్కులున్నాయి. ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లు లేరు. అలాంటప్పుడు మెడిసిన్ తీసుకోవడమే తేలికైన పని.

కానీ లలిత దాన్ని పక్కన పెట్టారు. కారణం చాలా సింపుల్. డాక్టర్ అంటే అర్ధరాత్రి కూడా పిలుపు వస్తుంది. పాపను వదిలి పరుగెత్తాలి. తండ్రి లేని బిడ్డకు తల్లి కూడా రాత్రిళ్లు ఇంట్లో లేకపోతే ఎలా? అందుకే ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే ఉద్యోగం కావాలనుకున్నారు. సొంత కాళ్ల మీద నిలబడాలి, బిడ్డను తనే పెంచుకోవాలి. ఈ రెండూ కుదిరే చదువు ఏది అని చూస్తే.. తండ్రి, అన్నదమ్ములు నడిచిన దారే కనిపించింది. అదే ఇంజనీరింగ్.

గమనించాల్సిన విషయం ఏంటంటే.. ఆమె ఇంజనీరింగ్ వైపు వెళ్లింది రికార్డు కోసం కాదు. దేశంలో మొదటి మహిళ అనిపించుకోవాలన్న లెక్క ఆ నిర్ణయంలో ఎక్కడా లేదు. పాప, జీతం, పని గంటలు.. ఈ మూడే ఆమె ముందున్నవి. అయితే సమస్య ఎక్కడొచ్చిందంటే, ఆమె లెక్కకు సరిపోయిన ఆ చదువుకు అమ్మాయిలను తీసుకునే అలవాటే అప్పటికి లేదు.

గిండీ అంటే మామూలు కాలేజీ కాదు

ఇవాళ్టి పిల్లలకు ఐఐటీ ఎలాగో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ కుర్రాళ్లకు గిండీ అలాగ. 1794లో సర్వే స్కూలుగా మొదలైన సంస్థ అది. రూర్కీ కాలేజీ 1847లో వచ్చింది. దానికంటే అర్ధశతాబ్దం ముందే ఇక్కడ పాఠాలు నడిచాయి. తొలి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ప్రారంభమైంది 1951లో. అంటే లలిత ఇంటర్ పాసైనప్పుడు ఐఐటీ అన్న మాటే పుట్టలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లాలో ఉండేవి. మదనపల్లెలో 1915లోనే అనీబీసెంట్ కాలేజీ పెట్టించారు కాబట్టి ఇక్కడి పిల్లలకు ఇంటి దగ్గరే కాలేజీ చదువు దొరికేది. ఇంజనీరింగ్ అనేసరికి మాత్రం చూపు మద్రాసు వైపే. కుప్పం నుంచి అయితే జోలార్‌పేట మీదుగా రైలు ఎక్కాలి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది 1959లో. అప్పటిదాకా ఈ ప్రాంతపు కుర్రాడు ఇంజనీర్ కావాలంటే ఊరు దాటాల్సిందే. ఇక అమ్మాయిల సంగతి చెప్పక్కర్లేదు.

అంత పేరున్న కాలేజీలో లలితను చేర్చుకోమని అడగాలి. పరీక్ష రాసి గెలవడం ఒక ఎత్తు, అసలు దరఖాస్తు తీసుకోమని ఒప్పించడం ఇంకో ఎత్తు.

తండ్రి తట్టిన తలుపులు

ఇక్కడ సుబ్బారావు రంగంలోకి దిగారు. ఆయన అక్కడి ప్రొఫెసరే కాబట్టి ఎవరితో మాట్లాడాలో తెలుసు. ప్రిన్సిపాల్ కె.సి.చాకోను కలిశారు. ప్రజా విద్యా శాఖ డైరెక్టర్ ఆర్.ఎం.స్టాథమ్ దృష్టికీ విషయం తీసుకెళ్లారు. ఇద్దరూ సరేనన్నారు. అలా 1940లో నాలుగేళ్ల ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ కోర్సులో లలితకు సీటు దొరికింది. వందల మంది అబ్బాయిలున్న క్యాంపస్‌లోకి ఒకే ఒక్క అమ్మాయిగా ఆమె అడుగుపెట్టారు.

తండ్రి పలుకుబడి లేకపోతే ఆ సీటు వచ్చేదా? కష్టమే. దాన్ని దాచాల్సిన పనిలేదు. అదే కాలంలో అంతే తెలివైన అమ్మాయిలు ఎంతమంది ఇంటర్‌తోనే, అసలు ఐదో తరగతితోనే ఆగిపోయారో లెక్క లేదు. వాళ్ల తండ్రులు గిండీ ప్రొఫెసర్లు కారు. లలిత కథలో ఆమె ధైర్యం ఎంత నిజమో, తలుపు తట్టే మనిషి ఉండటం కూడా అంతే నిజం.

చదువుకునే రోజుల్లో లలిత హాస్టల్లో ఉన్నారు. పాప బంధువుల ఇంట్లో పెరిగేది. వారాంతాల్లో వెళ్లి చూసుకుని వచ్చేవారు. తోటి విద్యార్థుల నుంచి ఇబ్బంది లేకపోయినా, హాస్టల్లో మాట్లాడటానికి మరో అమ్మాయి లేకపోవడంతో ఒంటరితనం ఉండేది. దీనికి కూడా సుబ్బారావే ఒక ఉపాయం వెతికారు. గిండీలో అమ్మాయిలకు ప్రవేశం ఉందని పత్రికల్లో ప్రకటన వచ్చేలా చూశారు.

ఫలితం వెంటనే కనిపించింది. తర్వాతి ఏడాదే ఇద్దరు అమ్మాయిలు వచ్చి సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఒకరు లీలమ్మ జార్జ్, మరొకరు పి.కె.త్రేసియా. ఇద్దరిదీ కేరళ నేపథ్యమే. ఈ త్రేసియానే తర్వాత 1971లో కేరళ ప్రజా పనుల శాఖ చీఫ్ ఇంజనీర్ అయ్యారు. దేశంలో ఆ హోదాకు చేరిన తొలి మహిళ ఆమె. అంటే తన కూతురికి తోడు కోసం ఒక తండ్రి చేసిన ప్రయత్నం ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి.

పట్టాలో కొట్టివేత

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం ముదిరింది. ఇంజనీర్ల అవసరం పెరగడంతో కోర్సును కొన్ని నెలలు కుదించారు. దాంతో ఏడాది సీనియర్ అయిన లలిత, జూనియర్లు ఇద్దరూ ఒకేసారి 1943లో చదువు పూర్తి చేశారు. గిండీ నుంచి బయటకొచ్చిన తొలి మహిళా ఇంజనీర్లు ఈ ముగ్గురే.

పట్టా ఇచ్చేటప్పుడు ఓ చిత్రమైన సంగతి బయటపడింది. యూనివర్సిటీ డిగ్రీ ఫారంలో ఇంగ్లీషులో మగవాళ్లను సూచించే హీ అన్న పదమే అచ్చేసి ఉంది. అమ్మాయి ఈ పట్టా తీసుకుంటుందని ఆ ఫారం అచ్చేసిన వాళ్లకు తట్టలేదు మరి. చివరికి ఆ పదాన్ని కొట్టేసి పైన షీ అని రాసి ఇచ్చారు.

తర్వాత బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఏడాది అప్రెంటిస్‌గా పనిచేశారు. 1862లో మొదలైన భారీ వర్క్‌షాప్ అది. ఇంజన్లు విప్పడం, బాగుచేయడం, మళ్లీ బిగించడం అక్కడి పని. తరగతి గదిలో చదివిన విషయాలను నూనె, ఇనుము, మెషీన్ల మధ్య నేర్చుకున్నారు.

ఉద్యోగం ఎక్కడ? పాపను చూసుకునేవాళ్లు ఎక్కడ?

తొలి ఉద్యోగం సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో. ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా సుమారు రెండేళ్లు అక్కడ చేశారు. మద్రాసు నుంచి అంత దూరం ఎందుకంటే.. అక్కడ అన్నదమ్ముల్లో ఒకరి కుటుంబం ఉంది. తను ఆఫీసుకు వెళ్తే పాపను చూసుకునే మనుషులు ఉన్నారు. ఉద్యోగంతో పాటే లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ గ్రాడ్యుయేట్‌షిప్ పరీక్ష కూడా రాశారు.

ఆ తర్వాత కొన్ని నెలలు మద్రాసులో తండ్రి పరిశోధనల్లో సాయం చేశారు. సుబ్బారావు కొత్త వస్తువులు కనిపెట్టే మనిషి. జెలెక్ట్రోమోనియం అనే విద్యుత్ సంగీత వాయిద్యం, పొగరాని పొయ్యిల లాంటివి ఆయన చేతిలో తయారయ్యాయి. పని ఆసక్తికరమే. కానీ ఇల్లు గడవాలి, బిడ్డ చదువు నడవాలి. నెలనెలా వచ్చే జీతం కావాలి. తొలి నిర్ణయంలో ఏ లెక్క ఉందో ఇక్కడా అదే లెక్క. తొమ్మిది నెలల్లోపే అక్కడి నుంచి బయటకొచ్చారు.

1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. కలకత్తానే ఎందుకంటే, మళ్లీ అదే కారణం. అక్కడ మరో సోదరుడి కుటుంబం ఉంది. ఈసారి మాత్రం ఉద్యోగం స్థిరపడింది. రిటైరయ్యే దాకా, అంటే 1977 వరకు దాదాపు మూడు దశాబ్దాలు ఆమె అక్కడే ఉన్నారు. మధ్యలో 1967లో ఇంగ్లండ్‌లో ఆ కంపెనీని జీఈసీ కొనుక్కుంది. ఆమె కుర్చీ మాత్రం మారలేదు.

భాక్రా నంగల్‌లో ఆమె పని

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశానికి అన్నిటికంటే ముందు కావాల్సింది కరెంటు. ఊళ్లకు లైన్లు లాగాలి, సబ్‌స్టేషన్లు కట్టాలి, డ్యాముల దగ్గర జనరేటర్లు తిరగాలి. లలిత పని సరిగ్గా అదే. ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్, సబ్‌స్టేషన్ల లేఅవుట్లు, షార్ట్ సర్క్యూట్ లాంటివి జరిగినప్పుడు మెషీన్లు కాలిపోకుండా ఆపే రక్షణ పరికరాలు.. వీటి మీద ఆమె పనిచేశారు.

వాటిలో అందరికీ తెలిసిన ప్రాజెక్టు భాక్రా నంగల్. 226 మీటర్ల ఎత్తున్న భాక్రా డ్యామ్‌ను 1963 అక్టోబరులో ప్రధాని నెహ్రూ జాతికి అంకితం చేశారు. స్కూలు పుస్తకాల్లో ఆ డ్యామ్ ఫొటో చూడని వాళ్లు ఉండరు. అక్కడి విద్యుత్ జనరేటర్లకు సంబంధించిన పనిలో ఈ తెలుగావిడ చేయి ఉందన్న విషయం మాత్రం చాలామందికి తెలియదు.

గుర్తింపు కూడా మెల్లగా వచ్చింది. 1953లో లండన్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ ఆమెను అసోసియేట్ మెంబర్‌గా తీసుకుంది. 1966లో పూర్తి స్థాయి సభ్యత్వం ఇచ్చింది. 1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగితే లలితకు ఆహ్వానం అందింది. మన దేశంలో అప్పటికి మహిళా ఇంజనీర్ల సంఘమే లేదు. అందుకే ఏ సంఘం తరఫునా కాకుండా సొంత హోదాలోనే వెళ్లారు. 1965లో లండన్‌లోని ఉమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో సభ్యురాలయ్యారు. 1967లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో రెండో సదస్సు జరిగినప్పుడు మన దేశం నుంచి కూడా మహిళలు పాల్గొనేలా పనిచేశారు. ఒకప్పుడు హాస్టల్లో ఒంటరిగా ఉన్న మనిషి, ఇంకొకరు ఒంటరిగా ఉండకూడదని చేసిన ప్రయత్నం అది.

మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కూతురిని చదివించి పెద్ద చేశారు. 1977లో రిటైరయ్యాక విశ్రాంతి దొరికింది రెండేళ్లే. 1979 అక్టోబరు 12న, 60 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మరి ఇవాళ్టి ఇళ్లలో..

లలిత గిండీలో చేరి ఎనిమిది దశాబ్దాలు దాటింది. ఇప్పుడు గేటు దగ్గర ఎవరూ ఆపరు. పైగా ఐఐటీల్లో అమ్మాయిల సంఖ్య పెంచడానికి 2018 నుంచి ప్రత్యేకంగా అదనపు సీట్లు ఇస్తున్నారు. 2020 నాటికి వాటి లక్ష్యాన్ని 20 శాతానికి తీసుకెళ్లారు. అంటే సీటు ఉంది, దారి ఉంది. అయినా సీటు వచ్చిన అమ్మాయిని అంత దూరం ఎందుకులే అని ఆపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాగే ఇష్టం లేకపోయినా పేరున్న కాలేజీ అని తోసే ఇళ్లూ ఉన్నాయి.

లలిత కథ ఈ రెండిటికీ పనికొస్తుంది. ఆమె కాలేజీ పేరుతో మొదలుపెట్టలేదు. తన బతుకుకు ఏం కావాలో ముందు రాసుకున్నట్టు ఆలోచించారు. రాత్రి ఇంట్లో ఉండాలి, నెలకు జీతం రావాలి, బిడ్డ తన దగ్గరే పెరగాలి. ఆ లెక్క ఇంజనీరింగ్ దగ్గర ఆగింది. అప్పుడు గిండీ ఎంత పెద్దదైనా, ఎంత కొత్తదైనా వెనక్కి తగ్గలేదు. అలాగే ఆమె వెనుక ఒక తండ్రి, పాపను చూసుకున్న బంధువులు, సిమ్లాలో ఒక ఇల్లు, కలకత్తాలో ఒక ఇల్లు ఉన్నాయి.

ఈసారి ఆప్షన్లు పెట్టే ముందు మదనపల్లెలోనైనా, పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సినవి ఇవే. పిల్లకు ఏ పని ఇష్టం? చదువయ్యాక ఎలాంటి జీవితం కావాలి? దూరం పంపితే ఖర్చు ఎంత, అక్కడ తోడు ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికాక లిస్టులో ఏ కాలేజీ ముందుండాలో తేలుతుంది. 1940లో ఒక ఇంట్లో ఈ మాటలు జరిగాయి కాబట్టే, డిగ్రీ ఫారంలో ఒక పదం కొట్టేసి రాయాల్సి వచ్చింది.